బావ విప్పిన మిషను

"రావేంరా బామ్మర్దీ, కాళ్లకు బెల్టు తెగిందా?" అని కోటిలింగం బావ కేక వేస్తున్నాడు, అదీ వెనక్కి నడుస్తూ, ముఖం రాఘవులు వైపే పెట్టుకుని, రెండు చేతులతో రమ్మని సైగలు చేస్తూ. వాళ్లిద్దరూ నడుస్తున్నది ఒంగోలు రోడ్డులోని పాత ఇనుప సామాన్ల కొట్టే, అందులో అనుమానం లేదు, కాకపోతే కొట్టుకు పైకప్పు లేదు, గోడలు ఎక్కడున్నాయో కనబడవు, కాటా ఉండాల్సిన చోట చీరాల బస్టాండులోని సోడా బండి నిలబడి ఉంది. రాఘవులుకు ఇదేమీ వింతగా లేదు. బావ పోయిన కార్తీకంలో కాలం చేశాడనీ, పాడె మోసినవాళ్లలో తనూ ఒకడనీ బాగానే గుర్తుంది, అదీ వింతగా లేదు. అతని కళ్లు అప్పటికే ఎదురుగా పోసి ఉన్న కుప్ప మీద పడ్డాయి.

కుట్టు మిషన్లు! పనసకాయలు దింపినట్టు దింపేశారు, ఎంత దూరం చూస్తే అంత దూరం, నల్లటి మెడలు, వాటి మీద బంగారు రంగు తీగలు, పూలు, రెక్కల సింహాలు, చేత్తో తిప్పేవి, కాలితో తొక్కేవి, చెప్పులు కుట్టే పొడుగు మెడవి, ఆడపిల్లలు ఆడుకునే అరచేతిలో పట్టేంతవి. సైకిలు షాపు నడిపే రాఘవులుకూ, రైసు మిల్లులో ఫిట్టరుగా చేసిన బావకూ ఉన్న ఒకే ఒక్క వ్యసనం ఇది. పాత మిషను ఎక్కడుందంటే అక్కడికి బస్సెక్కేవారు, తుప్పు పట్టి బిగుసుకుపోయినదాన్ని కిరసనాయిల్లో నానబెట్టి, ఉప్పుకాగితంతో రుద్ది, చచ్చిందనుకున్నది మొదటి వరస కుట్టిన రోజున వీధిలో అందరికీ బజ్జీలు పంచేవారు. "ఇంట్లో మనుషులు కూర్చోవడానికి పీట లేదు గానీ ఇనుముకు మాత్రం మంచాలు" అని బావ భార్య, రాఘవులు అక్క నాంచారమ్మ ఊరంతా వినేలా అనేది, అంటూనే ఇద్దరికీ కాఫీ తెచ్చి ఇచ్చేది.

అక్క గుర్తుకు రాగానే రాఘవులుకు తను వచ్చిన పని గుర్తొస్తుంది. "బావా, అక్క మిషను సంగతి..." అంటాడు.

"చెబుతా చెబుతా, ముందిది చూడు!" అంటూ బావ కుప్పలో చెయ్యి పెట్టి ఒక మిషను మెడ పట్టి లాగుతాడు, అది కుక్కపిల్లలా సులువుగా వచ్చేస్తుంది, చూస్తే దాని ఒంటి మీద ముత్యపు చిప్ప ముక్కలు పొదిగి ఉన్నాయి. రాఘవులు నోట్లో నీళ్లూరుతాయి. చక్రం తిప్పి చూస్తాడు, అడుగు తిరగేసి చూస్తాడు, అడుగు దారం ఉండే పడవ ఆకారపు షటిల్ బయటికి తీసి వెలుతురులో పెట్టి మురిసిపోతాడు, "ఇది నాకు, అది నీకు" అని బావ అంటే "ఆశ! అదీ నాకే" అని తను అంటాడు, బతికున్నప్పుడు పోట్లాడుకున్నట్టే పోట్లాడుకుంటారు, ఆ గొడవలో అసలు సంగతి మళ్లీ ఎక్కడికో పోతుంది.

అసలు సంగతి ఏమిటంటే, అది అక్క సొంత మిషను. ఇంట్లో చేరిన తుప్పు సరుకంతా ఒక ఎత్తు, అదొక్కటీ ఒక ఎత్తు. పేరున్న ఇత్తడి బిళ్ల ఎప్పుడో ఊడిపోయింది, జర్మనీదని బావ, కాదని రాఘవులు వాదించుకునేవారు గానీ, అలాంటిది ఇంకొకటి ఇద్దరూ ఎక్కడా చూడలేదు. అక్క కుట్టు నేర్చింది దాని మీదే, కూతురు హేమకు మొదటి చొక్కా కుట్టింది దాని మీదే. "తలంటు పోసి ఇస్తానే నాంచారీ" అని బావ ఒకరోజు దాన్ని ఆఖరి స్క్రూ దాకా విప్పి, ముక్కలన్నీ బిస్కెట్ల డబ్బాలో వేసి, ఆ వారంలోనే గుండె ఆగి పోయాడు. ఇప్పుడు హేమకు కొడుకు పుట్టాడు, రేపు బారసాల. వాళ్లింట్లో బిడ్డను ఉయ్యాల్లో వేసేటప్పుడు తాత కట్టి నలిగిన పాత పంచెతో కుట్టిన చొక్కా తొడగడం ఆనవాయితీ. బావ ఆకుపచ్చ అంచు పంచెను అక్క దాచి ఉంచింది, కత్తిరించి కూడా పెట్టింది, కానీ వేరే మిషను మీద కుట్టనంటే కుట్టనని కూర్చుంది. రాఘవులు డబ్బాలోని ముక్కలన్నీ బిగించాడు, ఒక్క స్క్రూ మిగల్లేదు, చూడ్డానికి చక్కగా ఉంది, తీరా పాత గుడ్డ పెట్టి తొక్కితే నాలుగు కుట్లు పడీ పడకముందే దారం ఉండ కట్టి తెగిపోతోంది. ఆ పంచె మరొకటి లేదు, మిషను నమిలేసిందంటే ఇక అంతే.

"బావా!" అని రాఘవులు ఈసారి గట్టిగా అరుస్తాడు, అరిచేసరికి వాళ్లు బస్సులో ఉన్నారు, సీట్ల నిండా మిషన్లే కూర్చుని ఉన్నాయి, కిటికీ పక్కన ఉన్నవి బయటికి చూస్తున్నాయి, నిలబడ్డది వీళ్లిద్దరే. బస్సు టకటకటకమని ఒకటే చప్పుడు చేస్తూ వెనక్కి పోతోంది, చెట్లు, మిల్లు గొట్టాలు, చేనేత మగ్గాల షెడ్లు ముందు అద్దంలో చిన్నవైపోతున్నాయి.

"బస్సు వెనక్కి పోతోంది బావా."

"పోనీరా, ఊరు వస్తోందిగా," అంటాడు బావ, ఎంతో తృప్తిగా.

రాఘవులు అతని భుజం పట్టుకుంటాడు. భుజం ఎప్పటిలాగే గట్టిగా ఉంది, కిరసనాయిలు వాసన వస్తోంది, ఆ వాసనకు రాఘవులుకు ఎంత సంతోషం వేస్తుందంటే, ఒక్క క్షణం ఏమీ అడగకుండా ఇలాగే పట్టుకుని ఉండిపోదామనిపిస్తుంది. కానీ రేపే బారసాల. "సూది గాడి ఎటు పెట్టేవాడివి? దారం కుడి నుంచా, ఎడమ నుంచా? షటిల్ కింద ఏమైనా రేకు ముక్క వేసేవాడివా? అన్నీ చేసి చూశాను బావా, తలప్రాణం తోకకొచ్చింది. ఆ ఒక్క కిటుకూ చెప్పు."

బావ నీళ్లు నములుతాడు. కిటికీలోంచి బయటికి చూస్తాడు, పక్కనున్న మిషను మీద లేని దుమ్ము తుడుస్తాడు. అప్పుడు గమనిస్తాడు రాఘవులు, బావ కట్టుకున్న పంచె మోకాళ్ల దాకానే ఉంది, అది ఆ ఆకుపచ్చ అంచు పంచే, కింది భాగంలో చిన్న చిన్న చేతుల ఆకారంలో, మెడ ఆకారంలో కత్తిరించిన ఖాళీలున్నాయి.

"ఇదేంటి బావా, పంచె ఇలా ఉంది?"

"మీ అక్క కత్తిరించింది. బుడ్డోడికి కావాలంట. కాళ్లకు గాలి తగుల్తోంది, హాయిగానే ఉందిలే." బావ గర్వంగా కాలు ముందుకు పెట్టి చూపిస్తాడు, తర్వాత గొంతు తగ్గించి, చుట్టూ ఉన్న మిషన్లు వింటాయేమోనన్నట్టు రాఘవులు చెవి దగ్గరికి వచ్చి, "నాకు తెలీదురా," అంటాడు.

"ఏంటి తెలీదు?"

"కిటుకు. మీ అక్క మిషనెట్టా కుడతదో నాకు తెలీదు."

తెలీదన్న మాట బావ నోట వినడం అదే మొదలు. దారిన పోయేవాడు విమానం గురించి అడిగినా చెప్పే మనిషి.

"విప్పింది నేనే, తుడిచింది నేనే, నూనె పోసింది నేనే," అంటాడు బావ. "కుట్టింది ఎప్పుడురా? మీ అక్క కూర్చోనిస్తేగా! పెళ్లైన కొత్తలో ఓసారి ఆమె లేనప్పుడు కూర్చుని తొక్కాను, సూది విరిగింది, వచ్చి చేతి మీద ఒకటిచ్చింది. మళ్లీ ఆ పీట ఎక్కితే ఒట్టు."

"మరి విప్పేముందు అక్కను అడగొద్దూ?"

"నేనడగలేదు సరే. నువ్వడిగావా?"

పొద్దున కూడా అక్క రెండు మూడు సార్లు "ఒరేయ్, నన్నోసారి కూర్చోనీరా" అంటే, "నువ్వు చెయ్యి పెట్టకక్కా, సూది విరుగుద్ది, ఇది నీకర్థమయ్యే పని కాదు" అని గదమాయించింది తనే. ఊళ్లన్నీ తిరిగి ముసలి మిషన్లకు ప్రాణం పోశామని మీసాలు మెలేసుకున్న ఇద్దరు మొనగాళ్లకూ, దాని మీద జీవితమంతా కుట్టిన మనిషి పక్కనే ఉందన్న సంగతి తట్టలేదు.

"అదేరా నా బాధ," అంటాడు బావ. బస్సు కుదుపుకు అతని ముఖం ఒకసారి పెళ్లినాటి ముఖంలా, ఒకసారి ఆఖరి రోజుల ముఖంలా కనబడుతోంది. "తలంటు పోస్తానని చెప్పి, ముక్కలు ముక్కలు చేసి డబ్బాలో పడేసి వచ్చేశాను. పొద్దున లేస్తే ఆమెకు ఆ డబ్బానే కదరా కనబడేది. ఇక్కడ ఇన్ని మిషన్లున్నాయి, అన్నీ బంగారమే, ఒక్కదాని మీదా మనసు నిలవట్లేదు."

రాఘవులుకు ఒక్కసారిగా ఉత్సాహం తన్నుకుని వస్తుంది, చిన్నప్పుడు కొత్త సైకిలు తెస్తున్నారని తెలిసినప్పటి లాంటిది. "అయితే పద బావా! ఇంటికి పోదాం, అక్కనే అడుగుదాం! తిడితే ఇద్దరం కలిసి తిట్లు తిందాం!" అని బావ చెయ్యి పట్టుకుని బస్సులోంచి దూకేస్తాడు. దూకింది చీరాల సందులోకే, అక్క ఇంటి సందే, ఎండ కాస్తోంది, టకటకమన్న చప్పుడు బస్సుతో పోకుండా ఇక్కడే ఇంకా గట్టిగా వినిపిస్తోంది. బావ అతని ముందు వెనక్కి నడుస్తున్నాడు, గబగబా, కత్తిరించిన పంచె రెపరెపలాడుతుండగా, రాఘవులు ఎంత పరిగెత్తినా ఆ దూరం తగ్గదు, బావ ముఖం మాత్రం అంతకంతకూ వెలిగిపోతోంది, చెవి ఇంటి వైపు పెట్టి వింటున్నాడు, ఇద్దరూ ఎన్నోసార్లు ఊపిరి బిగబట్టి ఎదురుచూసిన ఆ చప్పుడును అందరికంటే ముందు పట్టుకున్నవాడిలా చెయ్యి పైకెత్తి అరుస్తున్నాడు. "పడిందిరా! కుట్టు పడింది! విను!"

రాఘవులు కళ్లు తెరుస్తాడు. అక్క ఇంటి వసారాలో పడక కుర్చీ, భోజనం చేసి కునుకు తీసిన మధ్యాహ్నం, ఛాతీ మీద పేపరు. టకటకటక. చప్పుడు ఆగలేదు, లోపల గదిలోంచి వస్తోంది.

పరుగున వెళ్లి గుమ్మంలో నిలబడ్డాడు. అక్క మిషను ముందు కూర్చుని ఉంది, ముక్కు మీదికి జారిన కళ్లజోడు, సూది కింద తెల్లటి పంచె గుడ్డ, సన్నటి వరసలో ఒక్క ముడి లేకుండా పడుతున్న కుట్టు. "నువ్వు కునుకు తీస్తే గానీ దీని దగ్గర నాకు చోటు దొరకలేదు," అంది తల ఎత్తకుండానే. చిన్న చొక్కా చెయ్యి దగ్గర ఆగి, గుడ్డ తిప్పుకుని, చక్రం మీద అరచెయ్యి వేసి ఒక్క తోపు తోసింది. రాఘవులుకు తెలిసిన మిషన్లన్నింటికీ చక్రం మన వైపుకు తిరగాలి, దీన్నీ అలాగే తిప్పి తొక్కాడు. అక్క దాన్ని అవతలికి తోసింది.

"అక్కా, వెనక్కి తిప్పుతున్నావేంటే!"

"వెనక్కేంట్రా? దీనికి మొదట్నుంచీ ఇంతే. మీరిద్దరూ ఎప్పుడైనా అడిగారా?"

రాఘవులు సంతోషం పట్టలేక గిర్రున పెరటి వైపు తిరిగి, "బావా!" అని కేక వేయబోయాడు, నోరు తెరిచాక గుర్తొచ్చి ఆగిపోయాడు. అక్క ఒక్కసారి తలెత్తి తమ్ముడి కళ్లలోకి చూసింది, కళ్లజోడు పైకి తోసుకుని మళ్లీ తొక్కసాగింది. ఆకుపచ్చ అంచు సూది కిందికి వస్తోంది. చక్రం వెనక్కే తిరుగుతోంది, కుట్టు పడుతోంది.