వీరేశం కడ్డీ, హరిత పెట్టెలు

కేతేపల్లి వీరేశం కడ్డీ కొట్టి "పోండి" అననిదే ఆ సొరంగంలోకి చీమ కూడా దూరేది కాదు. నల్లగొండ గుట్టల కింద కాలువ నీళ్ల కోసం తవ్వుతున్న సొరంగం అది. ఇనుప కడ్డీతో కప్పు బండను తడితే ఖంగుమనాలి. డొల్లగా పలికితే బండ వదులైనట్టు. పన్నెండేళ్లుగా ఆ చెవి తప్పలేదు.

అలాంటిది, పాలమూరు నుంచి హరిత అనే ఇంజినీరు పిల్ల వచ్చి గోడలకు అరచేయంత పెట్టెలు బిగించింది. బండ కాస్త కదిలితే చాలు, లోపలి పెట్టె పక్కదానికి, అది ఆ పక్కదానికి తీగ లేకుండానే మాట అందించుకుంటూ బయటి కంప్యూటర్‌కు చేరవేస్తాయి. నెల తిరక్కుండానే కూలీలు వీరేశాన్ని అడగడం మానేశారు. "మేడం, పెట్టెలేమంటున్నయి?" అని అటే చూస్తున్నారు. వీరేశం కడ్డీని నేలకేసి కొట్టాడు. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల! దాని పెట్టెలకు కొబ్బరికాయ కొట్టడమొక్కటే తక్కువ!

ఆ ఉదయం కప్పు తట్టడానికి అందరికంటే ముందు లోపలికి పోయినవాడు, తిరిగి వస్తూ నాలుగో పెట్టె మీద మట్టి మోసే ఇనుప తట్ట బోర్లించి తగిలించాడు. ఇనుము అడ్డమైతే మాట దాటదని ఆమే చెప్పింది మరి. అందరి ముందూ ఆ పెట్టెలు మూగబోవాలి, అంతే.

మూగబోయాయి, నాలుగు మొదలు లోపలివన్నీ. హరిత సొరంగం మూతి దగ్గర చేతులు అడ్డం పెట్టింది. "పెట్టెలు పలికేదాక ఎవ్వలు పోవద్దు."

"నా కడ్డీ పలికింది. పోండ్రా!" అన్నాడు వీరేశం.

ఎనిమిది మంది కూలీల్లో ఒక్కడూ కదల్లేదు. అతని మొహం మాడిపోయింది.

"పెద్దయ్యా, జర నాతోని రాండి. పెట్టె చూసొద్దాం. అది లేనప్పుడు మీ చెవే నాకు ధైర్యం" అంది హరిత.

ఆ మాటకు పొంగాడు, మరుక్షణమే సిగ్గుతో కుంగాడు. లోపల ఆమెకంటే ముందు ఉరికి తట్ట లాగేశాడు. ఆమె చూడనే చూసింది. ఆమె నోరు తెరిచేలోగా, పెట్టెల మాట అందుకునే చేతి మీటరు కీచుమంది. ఏడో పెట్టె దగ్గర కప్పు జారుతోంది. పొద్దున తను తట్టి బాగుందనుకున్న చోటు! వీరేశం ఆమె చెయ్యి పట్టుకుని బయటికి ఉరికాడు. వెనక బండ కూలి దుమ్ము ఎగజిమ్మింది.

"వీరేశం మామ పసిగట్టిండు! మేడంను గుంజుకొచ్చిండు!" లింగయ్య అనే కూలీ అతన్ని భుజాలకెత్తుకున్నాడు.

"అవును, పెద్దయ్యే బతికించిండు" అంది హరిత. తట్ట ఊసే ఎత్తలేదు.

వీరేశం ఒళ్లు భగ్గుమంది. ఆమె ముందు చెవి పరువు ఎలాగూ పోయింది. ఇప్పుడు పెద్దమనసులో కూడా ఈ పిల్లదే పైచేయా?

"దించురా లింగయ్యా!" అని అరిచాడు. "పెట్టె మీద తట్ట బోర్లించింది నేనే. నా మాట ఇని పోతే ఎనిమిది మందీ గా బండ కిందనే ఉందురు."

లింగయ్య అతన్ని దించి, రెండడుగులు వెనక్కి జరిగాడు.