దాదాపీర్ పేరు మీది ఎక్స్‌రే

"ఆ పేర్ల పట్టీ వాని చేతికియ్యొద్దు పాపా. నా మాట ఇను. ఇచ్చినావంటే కొంపలు కూలతాయి."

విశ్వాసమ్మ ఈ మాట అన్నప్పటికి ఇంకా ఏమీ జరగలేదు. ఎక్స్‌రే తీసే బండి కర్నూలు నుంచి బయలుదేరనే లేదు. కూతురు శిల్ప గడపలో నిలబడి చల్లారిన టీ తాగుతోంది. బేతంచెర్ల స్టేషను వెనక వీధిలో రెండు గదుల ఆస్పత్రి ఆమెది. ముందు గదిలో రోగులు, వెనక గదిలో తల్లీకూతుళ్ల కాపురం.

"నీకు అన్నిట్లో చెడ్డే కనబడ్తాదిమా," అంది శిల్ప. "జబ్బున్నోళ్ల పేర్లు ఇస్తేనే బండల ఫ్యాక్టరీలో క్యాంపు పెట్టనిస్తానన్యాడు ఓనరు. అన్ని పేర్లు ఒక్కసారి చూస్తే సిగ్గయినా రాదా? కోత మిషన్లకు నీళ్ల పైపులు పెట్టియ్యడా?"

"సిగ్గా? భూపేష్‌కా?" విశ్వాసమ్మ చీపురు పక్కన పడేసింది. "మీ నాయన దగ్గి దగ్గి రక్తం కక్కుకుంటాంటే వాళ్ల నాయన ఏం పంపించినాడో తెల్సునా? టీబీ మాత్రలు. ఒక కొబ్బరిబోండాం. వాని రక్తమే ఈనిది గూడా."

చదివేవాళ్లారా, మీ ఇళ్లలో కాలికి చల్లగా తగిలే నాపబండ ఉంటుంది కదా. ఎండాకాలం దాని మీద చాప లేకుండా పడుకుని హాయి అనుకుంటారు. ఆ బండను నీళ్లు పెట్టకుండా కోస్తే లేచే పొడి ఎక్కడికి పోయిందో ఎప్పుడైనా అడిగారా? విశ్వాసమ్మ భర్త ఏసురాజు ఛాతీలోకి పోయింది. పద్దెనిమిదేళ్లు కోత మిషన్ మీద నిలబడ్డాడు. ఇంటికొచ్చి తల విదిలిస్తే నేల తెల్లబడేది. చచ్చాక కాగితం మీద క్షయ అని రాశారు. క్షయ అయితే ఫ్యాక్టరీకి సంబంధం లేదు మరి.

ఏడో తరగతితో చదువు ఆగిన విశ్వాసమ్మ హాస్టల్లో వంట చేసి కూతుర్ని డాక్టర్ని చేసింది. ఆ కూతురు పట్నం ఉద్యోగం వద్దని, నాయన చచ్చిన ఊరికే తిరిగొచ్చి బోర్డు పెట్టింది. ఆ రోజు నుంచి విశ్వాసమ్మకు కంటి నిండా నిద్ర లేదు. వాకిట్లో జీపు ఆగినా భయం, ఫోను మోగినా భయం, మోగకపోయినా భయం.

క్యాంపు రోజు ఫ్యాక్టరీ గేటు దగ్గర బల్ల వేసి ఆమెను కూర్చోబెట్టారు. ఫ్యాక్టరీ కార్డు చూసి పేరు, నంబరు రాసి చీటీ ఇవ్వడం ఆమె పని. ఆ చీటీ తీసుకుని మనిషి బండెక్కుతాడు, ఎక్స్‌రే తీయించుకుని దిగుతాడు. శిల్ప లోపల షెడ్డులో ఆడవాళ్లను పరీక్ష చేస్తోంది.

ముప్పై ఒకటో నంబరు ఇలియాస్. లారీలకు బండలెత్తే మనిషి, చేరి రెండు నెలలైంది. గట్టివాడు. చీటీ తీసుకుని పోయాడు. యాభై రెండో నంబరు దగ్గరకొచ్చేసరికి బల్ల మీద దాదాపీర్ కార్డు పడింది. తలెత్తి చూస్తే మళ్లీ ఇలియాసే. చొక్కా మారింది. ఆ చొక్కా దాదాపీర్‌ది, భుజాల దగ్గర బిగిసిపోయి ఉంది.

దాదాపీర్ ఎవరో విశ్వాసమ్మకు తెలియదా? ఇలియాస్ అక్క మొగుడు. కోత మిషన్ మీద పదేళ్లుగా ఉన్నాడు. వారం వారం ఆస్పత్రికొచ్చి దగ్గు మందు పట్టుకుపోతాడు. ఆమె గేటు వైపు చూసింది. దాదాపీర్ భార్య మున్నీ బీ చంటిబిడ్డను చంకనేసుకుని ఇటే చూస్తోంది. ఏమీ అడగడం లేదు, ఊరికే చూస్తోంది.

ఆ చూపు విశ్వాసమ్మకు తెలుసు. ఏసురాజు దగ్గు మేస్త్రికి వినబడకూడదని ఆయన నోటికి తువ్వాలు అడ్డంపెట్టిన రోజుల్లో తన చూపూ అదే.

ఆమె తల వంచుకుని 'దాదాపీర్' అని రాసింది. ఆ తర్వాత ఇంకో పదిమంది అలాగే వచ్చారు. తమ్ముడి బదులు అన్న, నాయన బదులు కొడుకు. పదిమందివీ రాసింది. కూతురికి చెప్పలేదు.

పట్టీ, దానితో పాటు ఎక్స్‌రే కాపీలు భూపేష్ చేతికి పోయాయి. నీళ్ల పైపులు రాలేదు. పట్టీలో ఉన్న పద్నాలుగు మందికి గేటు మూసుకుంది. "రోగమొచ్చినోళ్లు ఇంటికాడ రెస్టు తీసుకోండప్పా, మీ డాక్టరమ్మే చెప్పిండాది కదా," అని మేస్త్రి నవ్వాడు. ఆ పద్నాలుగు మందిలో పెద్ద ఈరన్న ఒకడు. శిల్ప ఆస్పత్రి ముందుకొచ్చి వీధంతా వినబడేలా అరిచాడు.

"మంచి పని చేసినావమ్మా! నా రొమ్ములో ఏముండాదో నాకు తెల్దా? నువ్వు ఫోటో తీసి వానికి సూపియ్యల్లనా? ఏసురాజు కూతురివని నమ్మితిమే!"

విశ్వాసమ్మ తలుపు వేయబోతే కూతురు వేయనివ్వలేదు.

దాదాపీర్‌కు మాత్రం పని పోలేదు. అదే మిషన్, అదే పొడి. ఎక్స్‌రే బాగుందని కాగితం వచ్చాక శిల్ప రెండుసార్లు కబురు పంపింది, దగ్గు తగ్గలేదు కదా, ఇంకోసారి చూస్తాను రమ్మని. అతను రాలేదు. వస్తే దొరికిపోతాడు. ఏడు నెలలు అలా దాక్కుని దగ్గాడు. ఎండలు ముదిరిన ఒక మధ్యాహ్నం కర్నూలు దారిలో, ఆటోలో, మున్నీ బీ ఒళ్లోనే ఊపిరి ఆగిపోయింది.

మున్నీ బీ అర్జీ పెట్టింది. దుమ్ము వల్లే చచ్చాడు, న్యాయం చెయ్యండి అని. విచారణ చేస్తామని జిల్లా నుంచి జవాబొచ్చింది. రెండో రోజుకల్లా ఊళ్లో ప్రతి ఫోనులోనూ ఒక ఎక్స్‌రే తిరిగింది. మీద దాదాపీర్ పేరు, కింద 'ఊపిరితిత్తులు బాగున్నాయి' అని శిల్ప సంతకం. భూపేష్ మనుషులు టీ అంగడి దగ్గర చెప్పుకున్నారు: బీడీలు తాగి చచ్చినాడు, మా మీద ఏడుస్తాండారు.

"ఒక్క బీడీ ముట్టి ఎరగడు మా ఆయన," అని మున్నీ బీ ఎవరికి చెప్పినా, విన్నవాళ్లు ఫోనే చూశారు.

శిల్ప తన దగ్గరున్న ఆ ఎక్స్‌రే ఫిల్మును కిటికీకి ఆనించి చాలాసేపు చూసింది. ఇంకో ఫిల్ము తెచ్చి పక్కన పెట్టింది. రెండింట్లోనూ కుడి భుజం దగ్గర ఒకే ఎముక, ఒకేచోట విరిగి, వంకరగా అతుక్కుంది.

"మా, ముప్పై ఒకటీ, యాభై రెండూ ఒకే మనిషివి. పేర్లు రాసింది నువ్వు."

విశ్వాసమ్మ ఫిల్ము మీది పేరును వేలితో తాకింది. "తెలిసే రాసినా పాపా. వాళ్ల పిల్లోళ్ల నోటికాడి కూడు పోతాదని రాసినా. నేనే చంపినా వాన్ని."

"నువ్వు కాదు. పట్టీ ఇస్తానని ఒప్పుకున్యాను చూడు, నేను. మనిద్దరికీ ముందు, నీళ్లు పెట్టని వాడు." శిల్ప ఫిల్ములను కిటికీ నుంచి లాగేసింది. "వాళ్ల జబ్బు వాళ్లే దాచుకునేటట్ల చేసినాడు. ఆ దాచిందే ఇప్పుడు వానికి సాక్ష్యమైంది."

"అయితే ఇలియాస్ పేరు చెప్పెయ్. ఎముక సూపియ్. లేకుంటే దొంగ కాగితం రాసినావని నిన్ను జైల్లో ఏస్తారు."

"చెప్పను. ఒకసారి పేర్లిచ్చినా, పద్నాలుగు ఇండ్లు ఆరిపోయినాయి. ఇంక ఎవరి రోగమూ, ఎవరి పేరూ వాళ్లు ఒప్పుకోందే నా నోట్లోంచి రాదు."

ఆ ఆదివారం ఆస్పత్రి ముందర జనం కూడారు. శిల్ప మెట్టు మీద నిలబడి దాపరికం లేకుండా చెప్పింది: పట్టీ ఇవ్వడం నా తప్పు. నన్ను తిట్టండి. కానీ మార్చుకున్న ఎక్స్‌రేలు పదకొండు ఉన్నాయి. ఇంకొకరి బదులు తీయించుకున్నవాళ్లు లేచి చెప్పకపోతే దాదాపీర్‌తో ఆగదు. ఆ మిగిలిన పదిమంది పోయినా 'ఊపిరితిత్తులు బాగున్నాయి' అనే రాసి ఉంటుంది.

"లేస్తే పని పోతాది గదమ్మా," అన్నాడు పెద్ద ఈరన్న. "మోసం చేసినారని కేసు గూడా పెడ్తాడు. మాకు పోయిండేది చాలదా?"

పాలిష్ షెడ్డులో పనిచేసే భీమక్క కొంగు దోపుకుని లేచింది. "ఏమప్పా ఈరన్నా, శానా తెలివైనోడివి! ఒకడు లేస్తే ఆ ఒకడి పని పోతాది. మిషన్లన్నీ నిలిపి అందరూ లేస్తే ఎవుని పని పోతాది? లారీలు ఎవుడెత్తుతాడు, వాళ్ల నాయనొచ్చి ఎత్తుతాడా?"

జనం నవ్వారు. నవ్వుతుంటే సగంమందికి దగ్గొచ్చింది. ఆ దగ్గు వినగానే నవ్వు ఆగిపోయింది.

"విచారణ రోజు మిషన్లు ఆపుదాం," అన్నాడు ఈరన్న చివరికి. "గేటు బయట మేముంటాం, లోపల మీరుండండి."

"దాదాపీర్ పేరు మీది ఆ యాభై రెండో నంబరు ఎవురిది?" భీమక్క అడిగింది.

గోడవారన కూర్చున్న ఇలియాస్ పుల్లతో నేల మీద గీతలు గీస్తున్నాడు. లేచి, అక్క వైపు కూడా చూడకుండా వెళ్లిపోయాడు.

విచారణ ఫ్యాక్టరీ ఆవరణలోనే పెట్టారు. జిల్లా నుంచి వచ్చిన ఆఫీసరుకు బల్ల, కుర్చీ, చల్లని నీళ్లు భూపేష్‌వే. ఇద్దరు కానిస్టేబుళ్లు గేటు దగ్గర ఉన్నారు. పదకొండు గంటలకు కోత మిషన్లు ఒకటొకటిగా ఆగిపోయాయి. ఆ మోత లేని ఫ్యాక్టరీని విశ్వాసమ్మ ఎన్నడూ ఎరగదు. పొడి పట్టిన ముఖాలతో, తెల్లటి కనుబొమ్మలతో మనుషులు వచ్చి బల్ల చుట్టూ నిలబడ్డారు.

"ఎవురు ఆపమన్యారు?" మేస్త్రి కేకేశాడు. ఎవరూ అతని వైపు చూడలేదు.

ఆఫీసరు ఎక్స్‌రే ఎత్తి పట్టుకున్నాడు. "సంతకం మీదేనా డాక్టరుగారూ?"

"నాదే."

"ఇందులో జబ్బుందా?"

"లేదు. కానీ ఇది దాదాపీర్‌ది కాదు."

"మరెవరిది?"

"ఆ మనిషే చెప్పల్ల. నేను చెప్పను."

భూపేష్ నవ్వాడు. "చూసినారా సార్? ఆమె రాసిందే ఆమె కాదంటాంది. దొంగ రికార్డు పుట్టించి నా మీదికి జనాన్ని తోలుతాండాది. కేసు రాయించండి. డాక్టరు బోర్డు పీకితే ఊరు నెమ్మదిగుంటాది."

విశ్వాసమ్మ ఏళ్లుగా ఏ మాటకు భయపడుతూ వచ్చిందో ఆ మాట వచ్చేసింది. వచ్చేశాక చూస్తే, ఇంక భయపడడానికి ఏమీ మిగల్లేదు. జనాన్ని తోసుకుని బల్ల ముందుకు వచ్చింది.

"పేరు రాసింది నేను సార్. దాదాపీర్ కాదని తెలిసే రాసినా. నా బిడ్డకు తెల్దు. కేసు పెట్టేదుంటే నా మీద పెట్టండి. నా మొగుడు ఈ మిషన్ మీదే సచ్చినాడు. ఆయప్ప దగ్గు నేనే దాచిపెట్టినా. ఈ ఫ్యాక్టరీలో పెండ్లాలందరం దాస్తాం సార్. దగ్గు ఇనబడితే గేటు మూస్తారు. ఇనబడకుంటే సావనిస్తారు. ఇంగ యాడికి పోవల్ల మేము?"

ఆఫీసరు కలం ఆగింది. "ఎవరొచ్చారమ్మా ఆ కార్డుతో?"

"అది నన్ను అడగొద్దు. నేను ఒప్పుకునేది నా తప్పే."

కానిస్టేబుల్ దగ్గరికి వచ్చాడు. ఆఫీసరు ఫిల్మును బల్ల మీద పెట్టి గొంతు పెంచాడు. "చివరిసారి అడుగుతున్నాను. ఎవరూ చెప్పకపోతే ఇది దాదాపీర్‌దేనని రాసి ఫైలు మూసేస్తాను. తల్లీకూతుళ్ల సంగతి పోలీసులు చూసుకుంటారు. ఈ ఎక్స్‌రే ఎవరిది?"

ఆగిన మిషన్ల మీద నుంచి పొడి ఇంకా నెమ్మదిగా దిగుతూనే ఉంది. మున్నీ బీ చంకలో బిడ్డ ఏడవబోయి, తల్లి ముఖం చూసి మానుకుంది. గేటు బయట పద్నాలుగు మంది కమ్మీలు పట్టుకుని నిలబడ్డారు. భూపేష్ గడియారం చూసుకున్నాడు. ఆఫీసరు కలం మూత తీసి ఒక అక్షరం రాశాడు, రెండో అక్షరం రాశాడు. విశ్వాసమ్మ కూతురి చెయ్యి పట్టుకుంది.

లారీ పక్కన ఎవరో భుజం మీది బండను కింద పెట్టిన చప్పుడైంది. జనం పక్కకు తప్పుకుంటే ఇలియాస్ నడుచుకుంటూ వచ్చాడు. బల్ల ముందు నిలబడి చొక్కా గుండీలు విప్పి, కుడి భుజం మీది వంకర ఎముకను ఆఫీసరు కంటికెదురుగా పెట్టాడు.

"నాది సార్. నా రొమ్ము సూపించి మా బావను మిషన్ మీద నిలబెట్టినా. ఆయనకు మళ్లా ఎక్స్‌రే తీయలేరు. ఈడ ఉండేటోళ్లకు అందరికీ తీయండి. ఈసారి ఎవుని కార్డుతో వాడే నిలబడ్తాడు."