అదృష్టవంతురాళ్లు

బట్టల ఫ్యాక్టరీలో గుండీలు కుట్టే పిల్ల మిషను మీదకి ఒరిగిపోయింది. స్టూలు ఎర్రగా తడిసింది. ఆమెకి మూడో నెల.

సూపర్‌వైజర్ నేరుగా కాలరక్క దగ్గరకొచ్చాడు. పన్నెండేళ్లుగా కాలర్లే కుడుతుండటంతో ఆమెకి ఆ పేరే మిగిలింది.

"నువ్వెళ్లి దానికి ధైర్యం చెప్పు. కంపెనీ డాక్టరు పది నిమిషాల్లో కడిగేస్తాడు, ఎల్లుండికి డ్యూటీకొచ్చేస్తుంది. నువ్వు రాలేదూ?"

"వచ్చాను సార్."

రెండేళ్ల కిందట కడుపు పోయిన మూడో రోజుకే వచ్చింది. ఆ తర్వాత నెలసరి రాలేదు. "అదృష్టవంతురాలివే, బాత్రూం టోకెను కోసం ఆ సూపర్‌వైజర్ మొహాన్ని బతిమాలక్కర్లేదు" అని పక్క మిషన్లవాళ్లు కుళ్లుకున్నారు. తనూ అదృష్టమనే అనుకుంది.

నిన్న పెద్దాసుపత్రిలో కెమెరా పెట్టి చూసిన డాక్టరమ్మ అసలు సంగతి చెప్పింది. అవసరానికి మించి గీకేశారు. గర్భసంచి లోపలి పొర పోయి, గోడలు మచ్చకట్టి అతుక్కుపోయాయి. "ఇంత మోటుగా చేసిందెవరమ్మా?" అని అడిగింది.

లైనులో అలాంటి అదృష్టవంతురాళ్లు ఇంకో ఇద్దరున్నారు. ముగ్గురూ ఎక్కింది కంపెనీ డాక్టరు గదిలోని ఒకటే బల్ల.

ఇప్పుడా బల్ల మీద పిల్లని పడుకోబెట్టి, పక్కన డాక్టరు చేతి తొడుగులు వేసుకుంటున్నాడు.

"నొప్పెడుతుందా అక్కా?" అంది గుండీల పిల్ల.

"నొప్పి తగ్గిపోతుందే. నాకిక్కడ గీకాక లోపల అతుక్కుపోయింది. మళ్లీ కడుపు పండటం కష్టమంటున్నారు. నువ్వు పెద్దాసుపత్రికి పో."

డాక్టరు నోరు తెరిచేలోపే పిల్లని గేటు దాకా నడిపించి, ఇస్త్రీ పిన్నిని తోడిచ్చి ఆటో ఎక్కించింది. లైనులో ఆ ఇద్దరి చెవిలో ఒక్క మాట వేసింది. వెనక్కొచ్చి, చెప్పులతోనే బల్లెక్కి కూర్చుంది.

"దిగు," అన్నాడు డాక్టరు.

"ఈ బల్ల నాకేమన్నా కొత్తా సార్? ఆ రోజు నాకేం చేశారో కాగితం మీద రాసి సంతకం పెట్టండి. దిగుతాను."

"నీ ఉద్యోగం ఊడుతుంది."

"నాలో ఊడిందానికన్నా ఎక్కువా?"

డాక్టరు రెండడుగులు వెనక్కి వేశాడు. ఆ బెదురు కోసమే ఆమె నిన్నటి నుంచి కాచుకుని ఉంది. చూసింది. ఆకలి తీరలేదు.

తలుపు తెరుచుకుంది. ఆ ఇద్దరూ వచ్చి చెరో పక్కనా ఎక్కారు. ఒక్క మనిషి కోసం చేసిన బల్ల కిర్రుమంది. డాక్టరు పెన్ను తీశాడు గానీ, మూత తియ్యలేదు.