టైరు చెప్పుల జాడ

తలారి కొల్లప్ప జాడ తీశాడంటే ఆ ఊళ్ళో దానికి తిరుగు లేదు. ఆయన తాతా తండ్రీ కూడా అదే పని చేశారు. దొంగ నడిచిన దారిలో నడుం వంచి, మడమ ఎక్కడ లోతుగా దిగిందో, బొటనవేలు ఎటు వంగిందో చూసి, నాలుగు ఊళ్ళ అవతలి మనిషినైనా తెచ్చి వాకిట్లో నిలబెట్టేవారు. గొర్రె పోయినా, కళ్ళంలో చెనిక్కాయలు పోయినా అంతకు మించిన సాక్ష్యం ఎవరూ అడిగేవారు కాదు.

ఎనభై ఆరో సంవత్సరం, వాన మొహం చాటేసిన ఆగస్టులో, రామాంజినప్ప బావి మీది మోటారు పోయింది. వేరుశనగ చేలో చెనిక్కాయ ఊడలు నేలలోకి దిగే సమయం, నీళ్ళు లేకపోతే పంట పోతుంది. తెల్లవారగానే కొల్లప్ప బావిగట్టు మీద జాడ పట్టాడు. దుమ్ములో పక్కపక్కనే మూడు వంకర గీతలు. వాటి వెంట చేను దాటి, వంక దాటి వచ్చి, బోరన్న ఇంటి ముందు ఆగాడు.

బోరన్న కూలి మనిషి. అతని తండ్రి దాసన్నను ఇరవై ఏళ్ళ కిందట గొర్రెల దొంగతనంలో పట్టించింది ఈ కొల్లప్పే. దాంతో ఊరికి ఇక అనుమానం మిగల్లేదు.

"అప్పుడు నాయన, ఇప్పుడు కొడుకు" అన్నాడు రామాంజినప్ప. "మోటారు యాడ పెట్టినావో చెప్పురా."

"దాన్ని ఎత్తాలంటే నలుగురు కావాల. నేనొక్కణ్ణే ఎత్తింటే జాతరలో నన్ను చూడ్డానికి టికెట్టు పెడతారు" అన్నాడు బోరన్న. గుంపులో ఎవరో కిసుక్కున నవ్వారు. బోరన్న మాత్రం నవ్వలేదు.

అతని భార్య సుబ్బక్క చేతిలో చాట పట్టుకుని బయటికి వచ్చింది. "మా మామ చేసిందానికి ఆయన అనుభవించి పోయినాడు. నా మొగుడేం చేసినాడు?"

కొల్లప్ప తల దించుకున్నాడు. పోలీసు స్టేషన్‌లో దెబ్బలు తిని తిరిగొచ్చాక దాసన్న కుడిచెయ్యి మళ్ళీ పైకి లేవలేదు. అది కొల్లప్ప కళ్ళారా చూశాడు.

అంతలో హెడ్ కానిస్టేబుల్ నారప్ప సైకిల్ దిగాడు. కొత్తగా వచ్చిన మనిషి. "జాడ ఎవరిదో నువ్వే చెప్పు కొల్లప్పా. నీ మాట రాసుకోని ఆ మనిషిని పిల్చుకపోతా."

చూపిద్దామని కొల్లప్ప వంగాడు. వంగినవాడు అలాగే ఉండిపోయాడు. వాకిలి నిండా మూడు వంకర గీతలే. గుంపు నిలబడిన చోటల్లా అవే.

"అప్పా, చెప్పు తియ్యి" అన్నాడు రామాంజినప్పతో.

"ఏందీ, నా మోటారు నేనే ఎత్తుకపోతినా?"

"తియ్యప్పా."

చెప్పు అడుగున మూడు వంకర గీతలున్నాయి.

"పోయిన సంతలో ఒకే లారీ టైరు కోసి ఊరందరికీ చెప్పులు కుట్టినారు మామా" అన్నాడు బోరన్న మెల్లగా. "నువ్వొక్కడివే ఇంకా వట్టికాళ్ళతో తిరుగుతాండావు."

కొల్లప్పకు కాళ్ళు తెలుసు, టైర్లు తెలియవు. ఆ మాట ఒప్పుకుంటే రేపటి నుంచి ఆయన్ను పిలిచేవారుండరు. ఒప్పుకోకపోతే బోరన్న, నారప్ప సైకిల్ వెనక స్టేషన్‌కి నడవాలి. ఆయన తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు.

"సామీ, తప్పు నాది. ఈ జాడ ఎవురిదో నాకు తెలీదు. దీన్ని నమ్మి ఎవురినీ పిల్చుకపోవద్దు."

"అట్లయితే నా మోటారు?" అని అరిచాడు రామాంజినప్ప.

"దాని నంబరెంత?" అన్నాడు నారప్ప.

"నంబరేంది? పచ్చగా ఉంటాది."

"తాలూకా అంతా పచ్చ మోటార్లే. రేపు గుజిరీ అంగట్లో పాత ఇనుము కింద దొరికినా, నీదేనని ఎట్ల చెప్తావు?" నారప్ప ఫిర్యాదు రాసుకున్నాడు. దొంగ పేరు రాసేచోట తెలియదని రాశాడు. అలాంటి కాగితాన్ని ఊరు చూడటం అదే మొదటిసారి.

మోటారు దొరకలేదు. పక్క బావి ఓబళప్ప రోజు విడిచి రోజు నీళ్ళు వదిలితే రామాంజినప్ప చేను సగమైనా నిలబడింది.

వారం తర్వాత కొల్లప్ప ఒక్కడే బోరన్న వాకిట్లోకి వచ్చాడు. హొసకోటలో కమ్మరి దగ్గర చేయించిన అంకెల ఉక్కు అచ్చులు గుడ్డలో మూటగట్టి తెచ్చాడు.

"ఊర్లో మోటార్లన్నిటికీ నంబర్లు కొట్టాల. నా చేతుల్లో బలం లేదు. సుత్తి పట్టేవాడు కావాల."

"మా ఆయన్ని బావుల దగ్గరికి రానిస్తారా?" అంది సుబ్బక్క.

"నేను పక్కనే ఉంటా కదమ్మా."

మొదట ఓబళప్ప బావి. బోరన్నను చూసి ఓబళప్ప కొల్లప్ప వైపు తిరిగాడు. కొల్లప్ప అచ్చును మోటారు ఇనుము మీద నిలబెట్టి పట్టుకున్నాడు. దెబ్బ తప్పితే నలిగేది ఆయన వేళ్ళే. బోరన్న సుత్తి ఎత్తాడు.

ఓబళప్ప దగ్గరికి వచ్చి గొంతుక్కూర్చున్నాడు. "లోతుగా కొట్టప్పా బోరన్నా" అన్నాడు, "దొంగ ఆకురాయి పెట్టి రుద్దినా అరగగూడదు."