నా వెంట నడిచేవాళ్ళు

శుక్రవారం మధ్యాహ్నం గోధుమనూకల కుస్కుస్‌ను చివరిసారి ఆవిరికి ఎక్కించే ముందు పళ్ళెంలో పోసి, వేళ్ళతో ఉండలు విడదీస్తున్నాను. ముందు గదిలోంచి మా ఆయన అబ్దుల్‌హక్ గొంతు వినిపించింది.

"తూరియా, రబాత్‌లో దుకాణాలు అద్దెకిస్తామని నా ఫోన్ పొద్దున్నుంచీ ఒకటే గోల. మనింట్లో ఎవరికి కావాలి రబాత్‌లో దుకాణం?"

నా చెయ్యి ఆగలేదు. బేరంలో అవతలివాడు అసలు మాట అన్నప్పుడే చెయ్యి ఆగకూడదని నాకు వ్యాపారం నేర్పింది. "ఆ ప్రకటనలు ఎవరికి పడితే వాళ్ళకి వస్తాయి. నిన్న అత్తమ్మ టాబ్లెట్‌లో పడవలు అమ్ముతామని వచ్చింది. మన ఫెస్‌లో సముద్రమెక్కడుంది?" అన్నాను.

"నాకు పడవెందుకే, ఈ మోకాళ్ళతో మేడ మెట్లే ఎక్కలేకపోతుంటే," అంది మా అత్తగారు లల్లా జ్హోర్. అందరూ నవ్వారు. మా మరిది ద్రీస్ మాత్రం నవ్వలేదు. అన్న చేతిలోని ఫోన్ మీదికి వంగి, "రబాత్‌లో ఏ వైపు అన్నయ్యా?" అని అడిగాడు.

నేను భయపడింది సరిగ్గా ఆ ప్రశ్నకే.

నేను గుండీల వ్యాపారిని. సెఫ్రూ ఊరి ఆడవాళ్ళు ఇంట్లో కూర్చుని సూదితో పట్టుదారం చుట్టి గుండీలు చేస్తారు. జెల్లాబా, కఫ్తాన్ అనే పొడుగు అంగీలకి మెడ నుంచి పాదం దాకా వరసగా కుట్టేవి అవే. ఏ రంగు వచ్చే పెళ్ళిళ్ళకి నడుస్తుందో ముందుగా పసిగట్టేది నేను, ఆ ఆడవాళ్ళకి దారం ఇచ్చేది నేను, దర్జీలతో గొంతు చించుకునేది నేను. దుకాణం బోర్డు మీద పేరు మాత్రం అబ్దుల్‌హక్‌ది. ఆయన పురపాలక కార్యాలయంలో గుమాస్తా. సాయంత్రం వచ్చి గల్లాపెట్టె దగ్గర కాసేపు కూర్చుంటాడు. ఎవరైనా అడిగితే, "పగలు మా ఆవిడ కాస్త సాయంగా ఉంటుంది," అంటాడు. మంచివాడే. గొంతెత్తడు, చెయ్యెత్తడు. నా శ్రమని ఆయన సాయం అనే మాటలో మడిచి జేబులో పెట్టుకుంటాడు, అంతే. ద్రీస్ సంగతి వేరు. తెత్వాన్‌లో మంచి జరీ దారం దొరికే చోటు నేను కనిపెట్టి, మా భోజనాల బల్ల దగ్గర సంబరంగా చెప్పాను. సోమవారానికల్లా ద్రీస్ అక్కడ ఉన్నాడు. తిరిగొచ్చి, "వదినకి అంత దూరం ప్రయాణం ఎందుకులే అని నేనే వెళ్ళొచ్చాను," అన్నాడు. ఎంత మంచి మరిది అని అత్తగారు మెచ్చుకుంది. ఆ జరీ వ్యాపారికి ఇవాళ్టికీ నా పేరు తెలియదు.

రబాత్‌లో కఫ్తాన్ దర్జీలుండే వీధిలో ఒక చిన్న గది ఖాళీగా ఉందని నేనే వెతికి పట్టుకున్నాను. యజమాని లల్లా బతూల్ అనే పెద్దావిడ. వచ్చే బుధవారానికి ఒక మాట అనుకుందాం అంది. ఈలోగా ద్రీస్ కాలు ఆ వీధిలో పడిందంటే ఒప్పందం అన్నదమ్ముల పేరున అవుతుంది. నేను అక్కడ కూడా సాయంగా ఉంటాను.

మర్నాడు మేడ మీద బట్టలు ఆరేస్తూ మా చెల్లెలు సిహామ్‌కి ఫోన్ చేసి సంగతంతా చెప్పాను. కాసాబ్లాంకాలో బీమా కార్యాలయంలో పనిచేస్తుంది.

"దుకాణంలోని లాప్‌టాప్‌లో వెతుకుతున్నావు సరే. బ్రౌజర్ ఎవరి ఖాతాతో తెరుస్తున్నావక్కా?"

"ఖాతా ఏంటి? కొన్నప్పుడు మీ బావ ఏది పెట్టాడో అదే."

"ఇంకేం. అది నిన్నూ బావనీ ఒక్క మనిషే అనుకుంటోంది. అబ్దుల్‌హక్ అనే ఆయన రబాత్‌లో దుకాణం వెతుక్కుంటున్నాడని దాని లెక్క."

చేతిలోని తడి దుప్పటిని ఇంకోసారి గట్టిగా పిండాను. బోర్డు మీద సరే, బ్యాంకులో సరే. నా తలలో మెదిలినది కూడా ఆయన పేరునే జమ అవుతోందన్నమాట.

"నేను చూసినవన్నీ ఎప్పటికప్పుడు చెరిపేస్తున్నానే," అన్నాను.

"నీ దగ్గర చెరిపితే, చూసినవాళ్ళు మరిచిపోతారా? సరే, సైట్ తెరవగానే కుకీలకి ఒప్పుకుంటారా అని అడుగుతుందే, ఏం నొక్కుతావు?"

"ఒప్పుకుంటాను."

"ప్రతిసారీనా?"

"గుమ్మంలోకి అడుగు పెట్టగానే ఏదో ఇస్తుంటే వద్దంటామా?"

సిహామ్ దగ్గొచ్చేదాకా నవ్వింది. "అది పుదీనా టీ కాదే తల్లీ. వద్దంటే ఎవరూ నొచ్చుకోరు."

మన బజారులో పెరిగినవాళ్ళం మొదటి గ్లాసు కాదనలేం. నేను ప్రతి గుమ్మంలోనూ మర్యాదగా ఆ గ్లాసు అందుకుంటూ వచ్చాను. మిగతాది ఆమె వివరించక్కర్లేకపోయింది. మా వీధిలో ఒక పరదేశి ఏమీ కొనకుండా ఒక దుకాణం దిగితే, వెనకాలే ఒకడు నడుస్తాడు. తరవాతి దుకాణం గుమ్మంలో కనుసైగతో చెప్పేస్తాడు, ఏ రగ్గు తడిమింది, ఎంతదాకా వచ్చిందీ. అమ్మకమైతే అతనికి వాటా. అలాంటివాళ్ళు నాకూ తెలుసు, వాళ్ళ పెళ్ళాలకి గుండీలు అమ్మాను. ఒకే మనిషి వంద గుమ్మాల్లో ఒకేసారి నిలబడగలిగితే ఎలా ఉంటుందో, ఈ కుకీలు అలాగే. అది అతని వ్యాపారం, తప్పుపట్టను. కానీ సరుకు నేను కాకూడదు.

మధ్యాహ్నం బేరాలు మందగించాక, సిహామ్ ఫోన్‌లో చెబుతుంటే బ్రౌజర్లు చూశాను. ఒకటి పేరూ నంబరూ ఇస్తేగానీ లోపలికి రానిచ్చేలా లేదు, వదిలేశాను. ఇంకొకటి చాలా వేగమైనదంది. "దాన్ని చేసినవాళ్ళకి తిండి ఎక్కణ్ణుంచి?" అని అడిగాను. ప్రకటనల నుంచంది. ప్రకటనల మీద బతికేవాడు నా తలుపుకి గడియ గట్టిగా ఎందుకు బిగిస్తాడు? అదీ వద్దన్నాను. విరాళాలతో నడిచే ఒకదాన్ని తీసుకున్నాం. ఖాతా లేకుండా తెరిచాను. నేను వెళ్ళిన సైట్‌వి కాని కుకీలన్నిటినీ ఆపమన్నాను. మూసిన ప్రతిసారీ అన్నీ తుడిచెయ్యమన్నాను. నేనెక్కడున్నానో ఎవరడిగినా చెప్పొద్దన్నాను. వెతికే సైట్‌ని కూడా, వెతికింది గుర్తుపెట్టుకోనని చెప్పేదానికి మార్చాను. ప్రకటనలు ఆపే చిన్న ప్రోగ్రాం ఒకటి చేర్చాను. మరో నాలుగు చేరుస్తానంటే సిహామ్ వద్దంది. నిజమే, కూలీలు పెరిగేకొద్దీ మూట విప్పి చూసేవాళ్ళూ పెరుగుతారు.

"ఇక నేనెవరికీ కనిపించనా?"

"పూర్తిగా మాయమవడం కుదరదక్కా. ఇంటర్నెట్ కంపెనీవాడికి ఏ సైట్‌కి వెళ్ళావో తెలుస్తుంది. చూసేవాళ్ళు తగ్గుతారు, అంతే."

"ద్రీస్ చూడకపోతే చాలు."

ఫోన్ పెట్టేశాక కొత్త బ్రౌజర్ నా ముందు ఖాళీగా ఉంది. గడిలో గీత ఒకటి ఆరి వెలుగుతూ, నేనేం అడుగుతానా అని చూస్తోంది. ఇన్నేళ్ళూ నేనేం వెతికాను? అత్తగారి రక్తపోటుకి ఉప్పు ఎంత తగ్గించాలి. మా ఆయన పదవీవిరమణ లెక్క. ద్రీస్ పిల్లల బడిలో చేరికలు ఎప్పుడు. నా వెనక ఎవరూ లేనప్పుడు, నాకోసం ఏం అడగాలో ఎంతసేపటికీ తోచలేదు. దుకాణం ముందు ఒక దర్జీ వచ్చి ముదురు ఎరుపు ఉందా అని అడిగి వెళ్ళాడు. అప్పుడు, ఏళ్ళ తరబడి నోట్లోనే నానుతున్న మాటని టైపు చేశాను. పెళ్ళయిన ఆడది తన పేరున వ్యాపారం పెట్టుకోవాలంటే భర్త అనుమతి కావాలా?

అక్కర్లేదట. ఆ చట్టం ఇవాళ్టిదీ నిన్నటిదీ కాదు. నా పెద్దకొడుకు ఇంకా పాకుతున్న రోజుల నాటిది. అడిగే చోటు లేక, లేని గోడకి ఇంతకాలం తల ఒగ్గి నడిచాను.

పాత బ్రౌజర్‌ని తీసెయ్యలేదు. దానికి కాస్త మేత వేశాను. రోజూ దాన్ని తెరిచి మోకాళ్ళ పట్టీలూ నొప్పుల నూనెలూ వెతికాను. రెండు రోజులకే మా ఆయన ఫోన్ నిండా అవే. "నాకే నొప్పీ లేదే," అని ఆయన తల గోక్కున్నాడు. "చెప్పుకోడు వెధవ, చిన్నప్పటి నుంచీ అంతే," అని అత్తగారు ఆయన్ని కూర్చోబెట్టి ఆలివ్ నూనెతో మోకాళ్ళు మర్దించింది. ద్రీస్ సోమవారం రబాత్‌లో పనుందని వెళ్ళాడు. వెళ్ళేముందు అతనికి సూప్ వడ్డించింది నేనే. ఏ వీధో తెలియక ఊరంతా తిరిగి, రాత్రికి ముఖం వేలాడేసుకుని వచ్చి, అక్కడ వ్యాపారం ఏమీ లేదని తేల్చాడు.

బుధవారం సెఫ్రూ వెళ్తున్నానని చెప్పి రబాత్ రైలెక్కాను. లల్లా బతూల్ కాగితాల మీద నా పేరు వేలితో తడిమి చూసి, "మీ ఆయన రాలేదేం?" అంది.

"ఆయనకి ఆఫీసుందండీ. సంతకానికి నేను చాలు."

"చాలు, చాలు. మా కాలంలో చాలేది కాదు," అని తాళంచెవి నా అరచేతిలో పెట్టి, వేళ్ళు తనే మూసింది.

ఇంటికొచ్చి, అందరూ బల్ల దగ్గర కూర్చున్నాక నేనే చెప్పాను. రబాత్‌లో దుకాణం తీసుకున్నానని, ఒప్పందం నా పేరునేనని, వారానికి మూడు రోజులు అక్కడే ఉంటానని. అత్తగారు తన పెద్దకొడుకు ముఖంలోకి చూసింది. ద్రీస్ రొట్టె తుంచడం ఆపేశాడు. అబ్దుల్‌హక్‌కి కోపం రాలేదు. నిజంగానే నొచ్చుకున్నాడు.

"నన్నొక మాట అడిగితే కాదనేవాణ్ణా తూరియా?"

"కాదనేవారు కాదు," అన్నాను. "ద్రీస్‌ని పంపేవారు."