కొత్త టైరు మీద నూగు

పెదకాకాని గుడి ఆర్చికి ఇవతల పానకాలు సైకిళ్ల షాపు ఉంది. పక్క కొట్టులో అతని భార్య రాజేశ్వరి కొబ్బరికాయలు, నిమ్మకాయలు, పూలదండలు అమ్ముతుంది. గుంటూరు చుట్టుపక్కల ఎవరు కొత్త బండి కొన్నా ముందు పెదకాకాని తెచ్చి పూజ చేయిస్తారు. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాకే ఇంటికి తీసుకెళ్తారు. కార్లు వస్తాయి, ట్రాక్టర్లు వస్తాయి, పొక్లెయిన్లు వస్తాయి. సైకిలు కొనేవాళ్లు కొందరు, ఎటూ గుడికి రావాలి కదా అని పానకాలు దగ్గరే కొంటారు.

గుడి దారిలో షాపు కాబట్టి రకరకాల మనుషులు తగులుతారు. బ్రాడీపేట నుంచి ఒక లెక్చరరు గేర్ల సైకిలు తెచ్చి గేర్లు పీకేయమన్నాడు. ఏ గేరులో తొక్కాలో తేల్చుకోలేక ఆయనకు తలనొప్పి వస్తోందట. ఒకావిడ మనవడి సైకిలుకు పక్క చక్రం ఒక్కటే చాలంది. వాడు ఎప్పుడు పడ్డా ఎడమ వైపే పడతాడట. చిలకలూరిపేట జిన్నింగు మిల్లులో పనిచేసే ఒకతను బెల్లు వద్దు, లారీ హారన్ పెట్టమని భోజనం వేళ దాటేదాకా బల్ల మీద నుంచి లేవలేదు. పానకాలు అందరితోనూ ఓపిగ్గా మాట్లాడతాడు. వాళ్లు వెళ్లాక రాజేశ్వరికి చెప్పి నవ్వుకుంటాడు. యలమందయ్య వచ్చి వెళ్లినప్పుడు మాత్రం నవ్వు రాలేదు.

యలమందయ్య ప్రత్తిపాడు అవతల మిరప వేసే రైతు. డెబ్బైకి దగ్గర పడ్డ మనిషి. మాఘమాసంలో ఒక ఉదయం షాపు ముందు ఆటో దిగి, వరసలో ఉన్న నల్ల సైకిలు చూపించి అది కావాలన్నాడు. బేరం ఆడలేదు. పానకాలు దాన్ని బయటికి తీసి స్టాండు వేసేలోపు ఆయన గొంతుక్కూర్చుని ముందు టైరును వేలితో తడిమాడు.

“దీనికి నూగేదయ్యా?”

“నూగేంది బాబాయ్?”

యలమందయ్య గోడకు వేలాడుతున్న కొత్త టైరు వైపు చెయ్యి చూపించాడు. అచ్చులోంచి వచ్చిన టైరు మీద రబ్బరు పోగులు వెంట్రుకల్లా నిలబడి ఉంటాయి. రోడ్డు మీద కాస్త దూరం దొర్లితే నడిమి పోగులు రాలిపోతాయి, పక్కలవి మిగులుతాయి. సైకిలు టైరుకు పక్కలవే మిగిలాయి.

“ఎవరో ఎక్కారు దీన్ని,” అన్నాడు యలమందయ్య.

“ఎవరో కాదు, నేనే. బిగించినాక పెట్రోలు బంకు దాకా తొక్కి చూస్తా. మా నాన్నప్పటి నుంచీ మా షాపు పద్ధతి అది.”

“అయితే ఇది కొత్తది కాదు.”

“అదేంది! నిన్నేగా పెట్టెలోంచి తీసింది?”

“తీశావు, కూర్చున్నావు. నాకు ఎవరూ కూర్చోంది కావాల. నాకంటే ముందు ఒక్క పిర్ర కూడా దాని మీద ఆనకూడదు. అట్టాంటిది ఉందా, లేదా?”

లేదు. సైకిలు అట్టపెట్టెలో విడిభాగాలుగా వస్తుంది, షాపులో బిగిస్తారు. స్టాండు మీద చక్రం తిప్పితే అన్నీ సవ్యంగానే కనిపిస్తాయి. మనిషి బరువు పడ్డాకే ఏ బోల్టు పట్టిందో, ఏది పట్టలేదో తెలుస్తుంది. అందుకే పానకాలు తాను ఎక్కి తొక్కని సైకిలును షాపు మెట్టు దించడు. తొందరపెట్టిన వాళ్ల బేరాలు వదులుకున్నాడు కూడా.

“తొక్కకుండా ఇయ్యను బాబాయ్. రేపు మీరు రోడ్డు మీద పడితే?”

“పడితే నేను పడతా. నీకేంది?”

“నాకే. సైకిలు నాది కదా.”

“కొన్నాక నాది.”

యలమందయ్య ఆటో ఎక్కి వెళ్లిపోయాడు.

“మొక్కేమోలే,” అంది రాజేశ్వరి. “పూజ కాకముందు ఎవరూ ఎక్కకూడదని కొంతమంది అనుకుంటారుగా.”

“మొక్కున్నవాళ్లు నోటితో చెబుతారు. వంగి టైరు చూసినోణ్ణి నేను చూళ్లేదు.”

ఆ రోజంతా పానకాలు వచ్చిన ప్రతి సైకిలు టైరూ చూశాడు. ఇన్నేళ్లుగా టైర్లతో పని చేస్తూ ఆ నూగును అతనే పట్టించుకోలేదు. ఈ మనిషికి దాని సంగతి ఎలా తెలుసు? అంత చూసి కొనాల్సిన అవసరం ఏమొచ్చింది? ఆలోచించగా ఒక ఉపాయం తట్టింది. ఇంకో నల్ల సైకిలు బిగించి, బంకు దాకా తొక్కి వచ్చి, రెండు టైర్లూ విప్పి కొత్తవి ఎక్కించాడు. సీటు మీద ప్లాస్టిక్ కవరు తిరిగి తొడిగాడు.

“ఇది మోసం కాదా?” అని అడిగింది రాజేశ్వరి.

“ఆయన కింద పడకుండా చూడటం మోసమా?”

“ఆయన అడిగింది అది కాదుగా.”

పది రోజులు పోయాక యలమందయ్య మళ్లీ వచ్చాడు. గుంటూరు మిర్చి యార్డు నుంచి కోటి అనే కుర్రవాడి ట్రాలీ ఆటోలో ఊరికి తిరిగి వెళ్లాల్సినవాడు, పనిగట్టుకుని ఇటు తిప్పించాడు. వెనక రెండు టిక్కీలు ఉన్నాయి. రంగు తగ్గిన తాలు కాయలు నింపిన గోతాలవి. రేటు నచ్చక వెనక్కి తీసుకెళ్తున్నాడు.

పానకాలు సైకిలు చూపించాడు. యలమందయ్య టైరును వేలితో తడిమాడు. నూగు నిండుగా ఉంది. తల ఊపాడు. జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని, చక్రం మెల్లగా తిప్పుతూ రిమ్ము లోపలి అంచు చూశాడు.

“బ్రేకు ఎవరు పట్టారు?”

రిమ్ము మీద బ్రేకు రబ్బరు నల్లగా గీసిన చార ఉంది. పక్క కొట్టులోంచి రాజేశ్వరి నవ్వింది.

“టైర్లు మార్చావా అబ్బాయ్?”

“మార్చా.”

“తొక్కి మార్చావా?”

“తొక్కే మార్చా బాబాయ్.”

తిట్టి వెళ్లిపోతాడని పానకాలు అనుకున్నాడు. యలమందయ్య వచ్చి బల్ల మీద కూర్చున్నాడు.

“గుంటూరులో కూడా చూశా. ప్రతి షాపువాడూ ఎవరూ తొక్కలేదని ఒట్టేశాడు. అందరివీ నూగు పోయినవే. తొక్కానని ఒప్పుకున్నోడివి నువ్వొక్కడివే. అందుకే మళ్లీ వచ్చా.”

“అసలు ఎందుకు బాబాయ్ ఈ పట్టు? మొక్కా?”

“మొక్కేం లేదు.” ఆయన కళ్లజోడు తుడుచుకున్నాడు. “మేం ముగ్గురం అన్నదమ్ములం. నేను చివరోణ్ణి. సైకిలు మా నాన్నది. ఆయన తర్వాత పెద్దన్న తొక్కాడు, ఆ తర్వాత నడిపన్న, ఆ తర్వాత నేను. తోలు సీటు. పెద్దన్నది భారీ మనిషిలే, నా చేతికి వచ్చేసరికి దాంట్లో గుంట పడింది. నేను కూర్చుంటే ఆ గుంటలోకి పక్కకి జారేవాణ్ణి. సీటు మార్చమని అడిగితే, బాగున్న సీటు మారుస్తారంట్రా అన్నాడు మా నాన్న. పెళ్లయినా ఆ గుంటే, పిల్లలు పుట్టినా ఆ గుంటే. తర్వాత మోపెడ్డు కొన్నా, అది పాతది. ట్రాక్టరు కొన్నా, అదీ ఒకడు దున్నిందే. ఇప్పుడు మోకాళ్లకి సైకిలు తొక్కమన్నాడు డాక్టరు. ఈ ఒక్కదాని మీదన్నా ముందు నేను కూర్చోవాల. అంతే.”

కోటి ఆటో దిగి వచ్చి వింటున్నాడు. రాజేశ్వరి దండ కడుతున్న చెయ్యి ఆపింది.

“మా ఆయనదీ భారీ శరీరమే బాబాయ్,” అంది. “గుంట పడిద్ది. ఎక్కనీయకపోవడమే మంచిది.”

పానకాలు లోపలికి వెళ్లి, తాడు విప్పని అట్టపెట్టె ఒకటి మోసుకొచ్చి యలమందయ్య కాళ్ల ముందు పెట్టాడు.

“మీరే విప్పండి. మీ కళ్ల ముందే బిగిస్తా. కానీ బరువు పెట్టి చూడకుండా మాత్రం ఇయ్యను. ఎట్టా చూడాలో ఇంకా తెలీదు.”

బిగించడం చాలాసేపు పట్టింది. యలమందయ్య ప్రతి బోల్టుకూ వంగి చూశాడు. సీటు ఎత్తు దగ్గర పని ఆగింది. ఎక్కకుండా కొలత ఎలా? పానకాలు ఆయన చేతిని సీటు నుంచి పెడల్ ఇరుసు దాకా చాపించి, వేళ్లు అందిన చోట సరిపెట్టాడు. “చెయ్యెంతో కాలంత,” అన్నాడు. యలమందయ్య ఆ మాట నమ్మినట్టు లేదు.

చివరి బోల్టు బిగించి పానకాలు రోడ్డు వైపు చూశాడు. ట్రాలీలో టిక్కీలు కనిపించాయి.

“బాబాయ్, గోతం కూర్చుంటే ఎవరన్నా కూర్చున్నట్టా?”

యలమందయ్య టిక్కీల వైపు చూశాడు. సీటు వైపు చూశాడు. కోటి నవ్వబోయి, ఆయన ముఖం చూసి మానుకున్నాడు.

“నా కాయేగా,” అన్నాడు చివరికి. “నేనే అనుకో. పెట్టు.”

“ఆగండాగండి,” అని అరిచింది రాజేశ్వరి. “ఆ కారం సీటు మీద రాలితే ఈయన గుడి దాకా తొక్కుతాడా?”

ప్లాస్టిక్ కవరు మీద ఇంకో పట్టా పరిచారు. పానకాలు, కోటి కలిసి ఒక టిక్కీని సీటు మీద అడ్డంగా పెట్టి తాళ్లతో కట్టారు. రెండోది వెనక క్యారేజీ మీదికి ఎక్కించారు. పానకాలు హ్యాండిలు పట్టుకున్నాడు, కోటి వెనక నుంచి తోశాడు. ఎవరూ సీటు మీద చెయ్యి వేయకుండా చూసుకుంటూ యలమందయ్య పక్కన నడిచాడు. ఆర్చి కింద కారు కడిగిస్తున్నవాళ్లు పని ఆపి వీళ్లను చూశారు. మిరపకాయలకు పూజ ఏంటని ఎవరో అడిగారు. తుమ్ములు ఆగక కోటి జవాబు చెప్పలేకపోయాడు.

బంకు ముందు కల్వర్టు దగ్గర రోడ్డు కుంగి ఉంటుంది. చక్రం అక్కడ దిగగానే టక్కుమని చప్పుడైంది. టిక్కీ ఒరిగింది. పానకాలు భుజం ఆనించి ఆపాడు. గోతం దించి చూస్తే సీటు రాడ్డు గొట్టంలోకి సగం దిగిపోయి ఉంది. రాడ్డును పట్టి ఉంచే బోల్టుకు మర పోయింది. స్టాండు మీద ఎంత బిగించినా బిగిసినట్టే కనిపించే రకం.

యలమందయ్య కల్వర్టు కింద కాలవను చూశాడు. మళ్లీ బోల్టును చూశాడు.

“నేనైతే అందులో పడేవాణ్ణి,” అన్నాడు.

“నేనైతే ఈపాటికి పడి లేచి, బోల్టు మార్చేవాణ్ణి,” అన్నాడు పానకాలు.

షాపుకు తిరిగి వచ్చి బోల్టు మార్చారు. చెయ్యి చాపి కొలత మళ్లీ పెట్టారు. టిక్కీలు ఎక్కించి మళ్లీ కల్వర్టు దాటించారు. ఈసారి చప్పుడు లేదు.

గుళ్లోకి సైకిలును నడిపించుకునే వెళ్లారు. పూజారి హ్యాండిలుకు దండ వేసి, మడ్‌గార్డుకు కుంకుమ పెట్టి, రెండు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. వెనక వరసలో ఉన్న కారు హారన్ కొట్టింది. యలమందయ్య పంచె ఎగగట్టి, సీటు మీద ప్లాస్టిక్ కవరు చించి జేబులో పెట్టుకుని, ఎక్కి కూర్చున్నాడు. కూర్చుని ఉండిపోయాడు. కారు మళ్లీ హారన్ కొట్టింది.

“తొక్కండి బాబాయ్.”

నిమ్మకాయలు చితికాయి. హ్యాండిలు అటూ ఇటూ ఊగింది. పానకాలు వెనక క్యారేజీ పట్టుకుని పరిగెత్తాడు.

“వదులు.”

“వదిలా బాబాయ్.”

“వదల్లేదు నువ్వు. నాకు తెలుస్తానే ఉంది. వదులు!”

పానకాలు వదిలాడు. యలమందయ్య ఆర్చి దాటాడు, షాపు దాటాడు, రాజేశ్వరిని చూసి బెల్లు కొట్టి బంకు వైపు సాగిపోయాడు. ఎక్కడికి వెళ్లాలో పానకాలు ఆయనకు చెప్పలేదు. రోడ్డు మధ్యలో నిలబడి, చెయిన్ చప్పుడు వినిపించినంత దూరం విన్నాడు. కల్వర్టు దగ్గర తెల్ల చొక్కా ఒకసారి ఎగిరింది. పడలేదు.

తిరిగి వచ్చి యలమందయ్య షాపు ముందు కాలు ఆనించి ఆగాడు. దిగి, వంగి, ముందు టైరును వేలితో తడిమాడు. గోతాల కింద కొంత, తన కింద కొంత, నడిమి నూగు రాలిపోయింది. పక్కలది ఉంది. ఆయన లేచి హ్యాండిలును పానకాలు చేతికిచ్చాడు.

“ఇప్పుడు నువ్వు ఎక్కు.”

“నేనెందుకు బాబాయ్? చూశాంగా.”

“గోతం చెప్పనిది ఏదన్నా ఉంటే నీకు చెబుద్దేమో. మీ పద్ధతి అన్నావుగా, పో. బంకు దాకా.”

పానకాలు ఎక్కాడు. అతనికి సీటు తక్కువ ఎత్తులో ఉండి మోకాళ్లు హ్యాండిలుకు తగిలాయి. కల్వర్టు దగ్గర ముందు బ్రేకు పట్టాడు, బంకు దగ్గర వెనకది పట్టాడు. తిప్పుకుని వచ్చి దిగాడు.

“ఎట్టా ఉంది?” అని అడిగాడు యలమందయ్య.

“అంతా బాగుంది. సీటే కాస్త కిందికుంది,” అంటూ పానకాలు అలవాటుగా పానా అందుకున్నాడు.

యలమందయ్య సీటు మీద చెయ్యి వేసి మూశాడు.

“అది నా కొలత. ముట్టుకోబాక.”