గుమ్మడిపువ్వు కమ్మలు

పెళ్ళయి ఖరగ్‌పూర్ వచ్చిన కొత్తలో, అత్త చిట్టెమ్మ ఇంట్లో కూడా తల మీది కొంగు తీయకపోవడం చూసి, ఇన్నేళ్ళు బెంగాలీ వాళ్ళ మధ్య బతికినందుకు వాళ్ళ అలవాటు అబ్బిందనుకుంది రాధారాణి. చుట్టుపక్కల వాళ్ళూ అదే అనుకునేవారు. రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన జగ్గారావు భార్య అంటే అందరికీ గౌరవం. ఆయన పోయాక ఆ కొంగు ఇంకాస్త ముందుకు వచ్చింది. దాని వెనక ఏముందో కొడుకు గిరిబాబుకి తెలుసు గానీ అతను ఎప్పుడూ ఆ ఊసు ఎత్తలేదు.

రాధారాణికి ఆ సంగతి తెలిసేనాటికి కూతురు మనస్విని నాలుగో తరగతికి వచ్చింది. రాధారాణి నగల పని కూడా ఒక దారిన పడుతోంది.

నగలంటే బంగారం కాదు. ఇత్తడి తీగ, రాగిరేకు, పైన వెండి పూత. గోల్‌బజార్‌లో వెండిపని చేసే ముసలి బెంగాలీ దాదా ఒకాయన దగ్గర, పిల్లని బడి వ్యాను ఎక్కించి వెళ్ళి కూర్చుని, తీగ వంచడం, అతుకు పెట్టడం నేర్చుకుంది. బొమ్మ మాత్రం తనే గీసుకునేది. మొదట కొన్నది విష్ణుప్రియ. వరంగల్ నుంచి వచ్చి ఇక్కడి ఇంజనీరింగ్ సంస్థలో రీసెర్చి చేస్తున్న అమ్మాయి. ఆమె వెంట హాస్టల్ స్నేహితురాళ్ళు వచ్చారు. తర్వాత రాధారాణి నగలు అమ్మకానికి పెట్టేందుకు ఫోన్లో ఒక పేజీ తెరిచింది.

గిరిబాబుది విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో షిఫ్టు ఉద్యోగం. మలంచాలో వాళ్ళది రెండు గదుల ఇల్లు. వెనక గదిలో కిటికీ పక్కన బల్ల మీద ఒక సగం రాధారాణి పట్టకార్లు, రేకులు. రెండో సగం మనస్విని పుస్తకాలు. పిల్ల ఇంట్లో ఉండగా గ్యాసు మంట వెలిగించకూడదనీ, యాసిడ్ సీసా బీరువా మీదే ఉండాలనీ రాధారాణి పెట్టుకున్న నియమం. అయినా ఒకసారి తీగముక్క మనస్విని మడమలో దిగింది. ఆ రోజు నుంచీ చిట్టెమ్మ సాయంత్రం అయ్యేసరికి తడిగుడ్డ పట్టుకుని ఆ గది నేలంతా తుడిచేది. కోడలి నగల పని బాగుందనీ అనలేదు, బాగోలేదనీ అనలేదు. పిల్లకి జడ వేసి, పాలిచ్చి, బడి కబుర్లు వింటూ వాకిట్లో కూర్చోబెట్టుకునేది. వ్యాపారం తన రెక్కల మీదే నడుస్తోందని రాధారాణి అనుకునేది.

దిగులు ఒక్కటే. ఏ డిజైను పేజీలో పెట్టినా నెల తిరక్కుండా ఫ్యాన్సీ షాపుల్లో అలాంటిదే సగం ధరకి వేలాడేది. ఎవరినని అడుగుతుంది? పువ్వు తనదనీ, ఆకు తనదనీ దావా వేయలేదు కదా.

ఆ వానాకాలం చిట్టెమ్మ స్నానాల గదిలో జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. చేతికి పిండికట్టు వేశారు. తలంటు పోయడానికి రాధారాణి కూర్చుంది. చిట్టెమ్మ చాలాసేపు కొంగు తీయలేదు. చివరికి తనే ఎడంచేత్తో లాగి, తల వంచుకుంది.

ఎడమ చెవి తమ్మె కింది దాకా చీలిపోయి ఉంది. ఎప్పుడో మానిపోయి, రెండు ముక్కలుగా, పాము నాలుకలా.

"ఏటత్తా ఇది?"

"పాతదేలే. నీళ్ళు పొయ్యి, సల్లారిపోతన్నాయి."

రాధారాణి చెంబు ముంచింది. తర్వాత గిరిబాబుని అడిగితే, "కుట్టించుకోమని నాను సానాసార్లు సెప్పినాను. ఈ వయసులో సెవి కోయించుకుంటానేటి అంటాది," అన్నాడు.

ఆ చెవి రాధారాణి కళ్ళముందు నుంచి పోలేదు. తమ్మె మీద బరువు పడకుండా నగ ఎలా నిలబడుతుంది? కళ్ళజోడు కాడ ఎలా నిలబడుతుందో అలాగే, చెవి పైనుంచి వెనక్కి దిగే తీగ మీద. ముందు వైపు మాత్రం చీలిక కనబడకుండా రేకు రావాలి. ఆ ఆదివారం చిట్టెమ్మ ఒంటి చేత్తోనే బజ్జీలకి గుమ్మడిపూలు శుభ్రం చేస్తోంది. పువ్వు విప్పి లోపలి పుప్పొడి కాడ తుంచి పళ్ళెంలో పరుస్తోంది. ఆ విప్పిన రేకు, మధ్యలో ఉబ్బిన ఈనె, అంచున మడత చూసి రాధారాణి ఒక పువ్వు తీసుకుని బల్ల దగ్గరికి వెళ్ళింది.

ఎన్ని పాడుచేసిందో. ఒకటి బరువై జారింది, ఒకటి చెవి వెనక ఒరుసుకుంది. చివరికి కుదిరిన జతని ఒక మధ్యాహ్నం అత్త చెవులకి పెట్టి అద్దం చేతికిచ్చింది. చిట్టెమ్మ అద్దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. చీలిక ఎక్కడా లేదు. పెదవి చివర చిన్న నవ్వు వచ్చింది.

"బరువు తెల్డం నేదే," అంది.

ఎలా కూర్చుందో చూడాలని రాధారాణి ఫోన్లో ఫొటోలు తీసింది. కమ్మ తీసి ఒకటి, పెట్టి ఒకటి. అత్త కాదనలేదు. ఆ రెండు ఫొటోలనీ పక్కపక్కన పేజీలో పెట్టింది. మొహం కనబడలేదు కదా, చెవీ దవడా మాత్రమే కదా అనుకుంది.

అంతకు ముందెప్పుడూ లేనంతమంది ఆ ఫొటో చూశారు. విష్ణుప్రియ తెలిసినవాళ్ళందరికీ పంపింది. కలకత్తా నుంచి, కటక్ నుంచి, హైదరాబాదు నుంచి కూడా ఆడవాళ్ళు రాయసాగారు. మా అమ్మకీ ఇలాగే ఉంది, నాకూ ఇలాగే ఉంది అని. రాధారాణికి కాలు నేల మీద నిలవలేదు.

పిండికట్టు విప్పిన వారం పక్కింటి జెనీ వచ్చింది. నర్సు పని చేసే పిల్ల, మనసులో ఏదీ దాచుకోదు. "ఆంటీ, ఫోన్లో నీ సెవి ఎంత బాగున్నాదో సూసినావా?" అని చూపించింది. చిట్టెమ్మ దవడ మీది చిన్న పచ్చబొట్టు ఆ ఫొటోలో స్పష్టంగా ఉంది. తెలిసినవాళ్ళెవరైనా ఇట్టే పోల్చుకుంటారు.

చిట్టెమ్మ ఫోను తిరిగిచ్చేసి, "మంచిదమ్మా," అంది. జెనీ వెళ్ళాక రెండు చీరలు సంచిలో పెట్టుకుంది. "నింపురాలో సెల్లెలింటికి ఎల్లొత్తాను," అని కోడలితో చెప్పి టోటో రిక్షా ఎక్కింది. కమ్మల జత మంచం మీద ఉంది.

తప్పు జరిగిందని రాధారాణికి తెలిసింది. అయినా ఆ రోజు ఫొటోని పేజీలోంచి తీసెయ్యలేదు. ఇంకా అడిగేవాళ్ళు అడుగుతూనే ఉన్నారు. ఇన్నాళ్ళకి ఒకటి తనది అని దొరికింది. రెండు రోజుల్లో అత్త కోపం చల్లారుతుందని నచ్చజెప్పుకుంది.

ఇల్లు మాత్రం ఆమె మాట వినలేదు. అతుకు పెడుతుంటే పాలు పొంగిపోయాయి. గిరిబాబు టిఫిను లేకుండానే షిఫ్టుకి వెళ్ళాడు. ఒక సాయంత్రం కొరియర్ ఆఫీసులో ఆలస్యమై ఇంటికొచ్చేసరికి మనస్విని బడి బ్యాగు ఒళ్ళో పెట్టుకుని జెనీ వాళ్ళ గుమ్మం మెట్ల మీద కూర్చుని ఉంది. ఏడవలేదు. "మామ్మ ఎప్పుడొస్తాది?" అని మాత్రం అడిగింది.

"వస్తాదమ్మా."

"నువ్వు మామ్మ సెవి అందరికీ సూపించినావంట కదా. మా బళ్ళో కూడా అడిగినారు. నాను మా మామ్మ కాదని సెప్పినాను."

రాధారాణి పిల్ల ఒళ్ళోని బ్యాగు అందుకుంది. పిల్ల చేత అబద్ధం ఆడించింది తనే అనిపించింది. అక్కడే మెట్ల మీద కూర్చుని ఫొటో తీసేసింది. మర్నాడు పొద్దున్నే నింపురా వెళ్ళింది.

చిన్నత్త రైల్వే క్వార్టర్ వెనక చిన్న పెరడు ఉంది. చిట్టెమ్మ అక్కడ పీట మీద కూర్చుని మునగాకు దూస్తోంది. కోడల్ని చూసి ఇంకో పీట జరిపింది.

"ఫొటో తీసేసినానత్తా. తప్పు సేసినాను."

చిట్టెమ్మ ఆకు దూయడం ఆపలేదు. దూస్తూనే అంది: "ఇజీనారం పెళ్ళికి ఎల్తన్నాం. గిరిబాబు సంటిపిల్లోడు, ఒళ్ళో ఉన్నాడు. రైల్లో కిటికీ పక్కన కూకున్నాను. బండి కదిలినాక ఎవడో సెయ్యి లోపలెట్టి లాగేసినాడు. నెత్తురు కారతంటే నాకేటి గుర్తొచ్చినాదో తెల్సా? ఆ కమ్మలు నావి కావు. పెళ్ళికని మా తోడికోడల్ని అడిగి ఎట్టుకున్నాను. పాపం ఆవిడి ఒక్క మాట అన్నేదు. నాకే మొకం సెల్లనేదు. ఆ పెళ్ళిలో కప్పినాను ఈ కొంగు."

రాధారాణి కళ్ళు తుడుచుకుంది.

"నువ్వు నా సెవికి ఎట్టినప్పుడు, నా కోసం సేసినావనుకున్నాను," అంది చిట్టెమ్మ.

"నీ కోసమే సేసినానత్తా. ఆశ తర్వాత పుట్టినాది."

చిట్టెమ్మ ఆ మాటకి తలెత్తి చూసింది. "అడిగుంటే ఒప్పుకుందునో నేదో నాకూ తెల్దు. అడగనేదు కదా నువ్వు."

"అడగనేదు."

"ఈరోజు రాను. నాకు రావాలనిపించినప్పుడొత్తాను. పిల్ల ఏటి తింటోంది?"

"మాగీ."

"ఈ మునగాకు పట్టుకెళ్ళు. పప్పులో ఎయ్యి."

ఇంటికి వచ్చాక విష్ణుప్రియ ఫోన్ చేసింది. "అక్కా, ఆ ఫొటో ఎందుకు తీసేసినవ్? మస్తు మంది అడుగుతున్నరు."

"ఆ సెవి నాది కాదు కదమ్మా," అంది రాధారాణి. విష్ణుప్రియ, "సరే అక్కా, నేను పంపినోళ్ళకి కూడా తీసెయ్యమని చెప్తా," అంది.

మనస్విని పరీక్షల ముందు చిట్టెమ్మ తనే తిరిగి వచ్చింది. సంచి లోపల పెట్టి, బల్ల కింద నేల చూసి, తడిగుడ్డ తెచ్చుకుంది. రాధారాణి గుడ్డ అందుకోబోతే, "నువ్వు అన్నం సూడు," అంది.

కొన్నాళ్ళకి మేదినీపూర్ వైపు నుంచి ఒక బెంగాలీ ఆవిడ ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఫొటో ఉండగానే చూసిందట. వయసు నలభై దాటి ఉంటుంది, మంచి తాంతు నేతచీర. టీ తాగింది, నమూనాలు చూసింది, బాగున్నాయంది. చెవి చూపించమనేసరికి మాత్రం చీర చెంగు రెండు వేళ్ళతో గట్టిగా పట్టుకుంది. అంచనాగా చేసివ్వమంది. కొలత లేకపోతే నిలబడదని రాధారాణి ఎంత చెప్పినా, ఇంకోసారి వస్తానంటూ లేచింది.

లోపలి గదిలోంచి చిట్టెమ్మ వచ్చింది. వచ్చి ఆవిడ ఎదురుగా కూర్చుంది. తన తల మీది కొంగు తీసి భుజం మీద వేసుకుని, ఎడమ చెవి ఆవిడ వైపు తిప్పింది.

"లొజ్జా కోరో నా, మా. దేఖో," అంది. సిగ్గుపడకమ్మా, చూడు అని.

ఆవిడ చూసింది. చూస్తూ చూస్తూ మళ్ళీ కుర్చీలో కూర్చుండిపోయింది. నెమ్మదిగా చెంగు వదిలేసింది. రెండు చెవులూ చీలి ఉన్నాయి. పుట్టింటివాళ్ళు పెట్టిన బరువు జూకాలు తీయకుండా ఏళ్ళ తరబడి పెట్టుకున్నందుకట. ఇద్దరూ బెంగాలీలో మాట్లాడుకుంటూనే ఉన్నారు. రాధారాణి మెల్లగా కొలతలు తీసుకుంది. ఫోను బల్ల సొరుగులో ఉంది, బయటికి తీయలేదు.

ఆవిడ మరొకావిడ్ని పంపింది. ఆవిడ తన వదినని తీసుకొచ్చింది. ఒడియా వాళ్ళు వచ్చారు, నింపురా తెలుగు వాళ్ళు వచ్చారు. వచ్చినవాళ్ళని ముందు చిట్టెమ్మే కూర్చోబెట్టేది. తలుపు దగ్గరగా వేసి, ఫోన్లు బయట పెట్టించి, చెవి తడిమి చూసేది. చేసిన జతని అరచేతిలో వేసుకుని, "ఇది ఆవిడికి బరువే, ఇంకా కొంచెం తియ్యి," అని వెనక్కిచ్చేది. రాధారాణి విసుక్కుంటూనే తీసేది. షాపుల్లో గుమ్మడిపువ్వు రేకులు వచ్చాయి గానీ అవి ఎవరి చెవినీ పట్టుకోలేకపోయాయి. ఏ ఇద్దరి చెవులూ ఒకలా ఉండవు. కలకత్తా షాపు ఒకటి టోకున చేసివ్వమంటే రాధారాణి కుదరదంది. ఆ రాత్రి గిరిబాబు, "ఆలోసించే సెప్పినావా?" అని అడిగాడు.

"ఆలోసించినాను బావా. పిల్లకి అన్నం నాను పెట్టుకోవద్దా?"

పని నెమ్మదిగానే సాగుతోంది. పరీక్షల నెలలో సగం పని ఆగిపోతుంది. మనస్వినికి జ్వరమొస్తే అంతా ఆగిపోతుంది. వచ్చినవాళ్ళు తమ వంతు వచ్చేదాకా ఆగుతున్నారు.

ఇప్పుడు గిరిబాబు వరండాలో ఒక మూల ప్లైవుడ్‌తో గది కట్టిస్తున్నాడు. పోయిన వారం వీక్లీ ఆఫ్ నాడు వడ్రంగి వచ్చి కొలతలు వేస్తుంటే, పని మీద వెలుతురు పడాలి, కిటికీ బల్ల ఎత్తులో రోడ్డు వైపుండాలంది రాధారాణి.

"రోడ్డు మీద పోయినోళ్ళంతా లోపలికి సూత్తారు. పైకెట్టించు," అంది చిట్టెమ్మ.

"పైకెడితే నాకు సేతులు కనబడవత్తా."

"కనబడకపోతే లైటు ఎట్టించుకో."

వడ్రంగి దాదా పెన్సిలు చెవి మీద పెట్టుకుని ఇద్దరి వంకా చూశాడు. గిరిబాబు, "మీరిద్దరూ తేల్సుకోండి," అని టీ తేవడానికి లోపలికి వెళ్ళాడు. చిట్టెమ్మ కుర్చీ తెప్పించుకుని, కిటికీ రావాల్సిన చోట కూర్చుని, బయటి నుంచి ఎంత వరకు కనబడుతుందో చూసి రమ్మని కోడల్ని రోడ్డు మీదికి పంపింది.